మీవాళ్ళ సినిమా

పాఠ్యపుస్తకంలో ముస్లిం అంటే దండయాత్ర. మన సినిమాలో అయితే కత్తి పట్టిన రౌడీ, లేదంటే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మిన బంటు. హోంవర్క్ చేసుకునే ముస్లిం పిల్లాడు ఎక్కడున్నాడు? పాఠాలు చెప్పుకునే నేను నా క్లాసుకి అలాంటి ఒక్క పిల్లాణ్ణి చూపించాలనుకున్నాను. తెలుగులో నాకు దొరకలేదు. ఇరాన్‌లో దొరికాడు.

వాడి పేరు అహ్మద్. 1987లో అబ్బాస్ కియరొస్తామీ తీసిన 'దోస్త్ ఇల్లెక్కడ?' సినిమాలో ఎనిమిదేళ్ళ పిల్లాడు. పక్క కుర్రాడి నోట్‌బుక్ పొరపాటున వీడి చేతికొచ్చింది. ఇంకోసారి అందులో హోంవర్క్ రాయకుండా వస్తే బడినుంచి గెంటేస్తానన్నాడు పంతులు. అహ్మద్ ఆ పుస్తకం పట్టుకుని కొండ దాటి పక్కూరికి పరుగెత్తాడు. అంతే కథ.

ఇలాంటి సినిమా ఊరికే పుట్టదు. 1965లో, షా కాలంలో, పిల్లల గ్రంథాలయాల కోసం టెహరాన్‌లో 'కానూన్' అనే సంస్థ మొదలైంది. తర్వాత సినిమా విభాగమూ పెట్టారు. 1970లో వచ్చిన కియరొస్తామీ తొలి చిన్న చిత్రం అక్కడిదే. విప్లవం రోజుల్లో సినిమా హాళ్ళు తగలబడ్డాయి. 1979లో షా పోయాడు. కానూన్ మాత్రం మిగిలింది. పెద్దవాళ్ళ కథలకు ఆంక్షలు బిగిసినచోట పిల్లల కథలకు కాస్త జాగా దొరికింది.

సినిమా అయ్యాక ఒకడు లేచాడు. "సార్, ఆ తాత అచ్చం మా తాతే. ఊరికే పనులు చెప్తాడు." నా గుండె నిండింది. వెంటనే ఇంకొకడు వెనక బెంచీ వైపు తిరిగాడు. "మీవాళ్ళ సినిమాయే కదా, నువ్వు చెప్పు. ఇంట్లో కూడా మీ ఆడవాళ్ళు ముసుగు తియ్యరా?"

వెనక బెంచీలో ఉన్నది దూదేకుల పిల్లాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఫారసీ ఒక్క ముక్క రాదు. తల దించుకున్నాడు.

తప్పు అడిగినవాడిది కాదు, నాది. ముందు చెప్పాల్సింది చెప్పలేదు. తెరమీది తల్లి ఇంట్లో కూడా తలగుడ్డ తియ్యకపోవడం ఆ ఇంటి అలవాటే కానక్కర్లేదు. విప్లవం తర్వాత వచ్చిన సెన్సారు నియమం అది. తెరమీద ఆడమనిషి ఇంట్లో ఉన్నా పరాయి మగాళ్ళు చూస్తున్నట్టే లెక్క. 2022లో ఆ దేశపు ఆడపిల్లలే తలగుడ్డలు తీసి వీధుల్లోకొచ్చారు. తెరమీద కనబడేదంతా సంస్కృతి కాదు, అందులో సర్కారూ ఉంటుంది. ఇప్పుడు సినిమా వేసేముందు ఇదంతా చెప్తాను.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. అదే క్లాసుకి 1955 నాటి 'పథేర్ పాంచాలీ' చూపించాను. దుర్గ చనిపోతే అందరూ ఏడ్చారు. హిందూ పిల్లల్ని ఎవరైనా "మీవాళ్ళ సినిమా, నువ్వు చెప్పు" అన్నారా? అనలేదు. దుర్గ అందరి పిల్ల అయింది. మరి అహ్మద్ ఒక్క ముస్లింల పిల్లాడే ఎందుకయ్యాడు?

అహ్మద్‌కి దోస్త్ ఇల్లు దొరకలేదు. రాత్రి కూర్చుని దోస్త్ హోంవర్క్ కూడా తనే రాశాడు. ఇష్టంతో రాశాడు. మా పిల్లలచేత మాత్రం ఇరాన్ హోంవర్క్, పాకిస్తాన్ హోంవర్క్ బలవంతంగా రాయించకండి. వాళ్ళ సంచీలో వాళ్ళ నోట్‌బుక్ ఒకటుంది. అది తెలుగులోనే ఉంది. ముందు అది చదవండి.