లింకు తెగినప్పుడు డేటాబేస్ కనెక్షన్లు

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే దాకా పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నెట్‌కు ఉపగ్రహాలే దిక్కు. ఆ దారిలో ప్రశ్న వెళ్లి జవాబు రావడానికే అర సెకను పడుతుంది. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చినా, లింకు తెగదనుకుని సాఫ్ట్‌వేర్ రాయకూడదు.

మైఎస్‌క్యూఎల్‌లో 2006 ఎర్రర్ వస్తే సర్వర్ రీస్టార్ట్ అయిందేమో ముందు చూడాలి. పనిలేని కనెక్షన్‌ను సర్వర్ డిఫాల్ట్‌గా 28,800 సెకన్లకు, అంటే 8 గంటలకు మూసేస్తుంది. అంతకుముందే తెగుతుంటే మధ్యలోని ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. లినక్స్‌లో కీప్‌అలైవ్ గడువు 2 గంటలు. దాన్ని ఫైర్‌వాల్ గడువు కంటే తగ్గించాలి.

మళ్లీ కలిసే ప్రయత్నాల మధ్య విరామాన్ని 1, 2, 4, 8 సెకన్లుగా పెంచుతూ, కొంత అటూఇటూ చేయాలి. లేకుంటే క్లయింట్లన్నీ ఒక్కసారే సర్వర్‌పై పడతాయి.

అసలు ప్రమాదం కమిట్ పంపాక లింకు తెగడం. గుడ్డిగా మళ్లీ పంపితే ఒకే చెల్లింపు రెండుసార్లు పడొచ్చు. అందుకే ప్రతి లావాదేవీకి ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అది ఇప్పటికే నమోదైందేమో చూశాకే మళ్లీ పంపాలి.