అశ్వవైరము శాశ్వతికము కాదు

శాశ్వతికవిరోధము గల ప్రాణులను జెప్పు ద్వంద్వసమాసమున కేకవద్భావమును పాణిని విధించెను. అహినకులము, మార్జారమూషకము ననునవి వ్యాఖ్యాతల యుదాహరణములు. అశ్వమున కశ్వముతో నిట్టి సమాసము లేదు. సరూపములగుటచే నేకశేషము వచ్చి, ద్వివచనమున 'అశ్వౌ' అని యొక్క శబ్దమే నిలుచును. ఇది రూపవిచారమే గాని స్వభావవిచారము గాదని యెఱుఁగుదును. ఐనను గుఱ్ఱముల పోరునుగూర్చి యోచించునపు డీ భేదము నాకు దారి చూపినది. పాముముంగిసల పగ పుట్టుకతోడిది. గుఱ్ఱమునకు గుఱ్ఱముపైఁ గలుగు కినుక హేతువువలనఁ బుట్టునది. హేతువు నెఱుఁగక దండించు రౌతు రోగమును విడిచి రోగిని గొట్టు వైద్యునివంటివాఁడు.

ఒంటిగా నడచునపుడు సాధువై, మఱియొక గుఱ్ఱము ప్రక్కకు వచ్చినంతనే చెవులు వెనుకకు వాల్చి, ముక్కు ముడిచి, తోఁక విసరి, కఱవనో తన్ననో యుద్యమించు గుఱ్ఱములు కొన్ని గలవు. జనసమ్మర్దము గల వీథులలో నీ దోషము రౌతునకును బాదచారులకును బ్రమాదకరము.

దీనినిగూర్చి పూర్వులేమనిరి? విరాటుని కొలువునకు గ్రంథికుఁడను పేరఁ బోయిన నకులుఁడు తన విద్యను జెప్పికొనుచు నాల్గింటిని బేర్కొనును: అశ్వముల ప్రకృతి నెఱుఁగుట, వినయము గఱపుట, దుష్టాశ్వములయెడ మెలఁగు విధము, చికిత్స. ఈ క్రమము గమనింపఁదగినది. ప్రకృతిజ్ఞానము మొదటిది, దుష్టత్వము చికిత్సకుఁ బొరుగుననే యున్నది. కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణమందలి యశ్వాధ్యక్షప్రకరణము గుఱ్ఱములను తీక్ష్ణములు, భద్రములు, మందములు నని విభజించి, స్వభావానుసారముగనే యుద్ధమునకో వాహ్యమునకో నియోగింపుమనును. ఆఁడుగుఱ్ఱములను, బీజాశ్వములను, కిశోరములను వేఱువేఱు తావుల నుంపుమనును. సాన్నిధ్యము కలహకారణము కాఁగలదని తెలిసియే యట్లు వ్రాసెనని నా తలంపు. పశ్చిమచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున వాజివాహ్యాళీవినోదము గలదు. గుఱ్ఱము లెక్కి రెండు పక్షములవారు బంతి నాడు క్రీడ యది. పొరుగుగుఱ్ఱమును సహింపని గుఱ్ఱ మట్టి క్రీడకుఁ బనికిరాదుగదా.

తెలుఁగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. లక్షణములును జికిత్సలును గ్రంథస్థములయినవి గాని, వాగె పట్టు చేతినేర్పు సాహిణులయొద్దనే నిలిచినది. కాకతి గణపతిదేవుని (1199–1262) సామంతుఁడగు గంగయసాహిణికి తురగసాధనికబిరుద ముండెను. ఆ 'సాధనిక' శబ్దమే ప్రాకృతమార్గమున ధకారము హకారమై 'సాహిణి' యయ్యెనందురు. హైదరాబాదున వినవచ్చు 'సాయిసు' శబ్దము దీనికి వికృతి గాదు, అది యరబ్బీపదము. పాలనార్థకమగు 'సియాసతు' శబ్దమునకును దానికిని ధాతువొకటే. గుఱ్ఱమును నడపుటయు రాజ్యమును నడపుటయు నొక్క ధాతువునఁ బుట్టుట యుచితముగనే యున్నది.

1591లో వెలసిన చార్మినారున కుత్తరమున, చార్‌కమానుల నడుమ, గుల్జారుహౌజు గల తావు పూర్వము జిలూఖానా. పారసీకమున 'జిలవు' అనఁగా వాగె. రాచనగరి యెదుట దొరల పరివారము వాహనములతో నిలుచు చోటది. పలు లాయముల గుఱ్ఱము లొక్కచోఁ గూడు నట్టి తావున నొండొంటిని సహింపఁజేయుట సాయిసులకు నిత్యకృత్యమై యుండునని యూహింపవచ్చును. ఆఱవ నిజాము కాలమున 1886లో గుఱ్ఱపుపందెములు మౌలాలినుండి మలక్‌పేటకు మార్పఁబడినవి. నేఁటికిని మొహరమునాఁడు బీబీకా ఆలము పాతబస్తీలో నూరేగునపుడు గుఱ్ఱములపై పోలీసులు వెంట నడతురు. కావున నీ విద్య యవసరము తీఱలేదు.

పాతబస్తీలో నొక వృద్ధసాయిసు నీ విషయమడిగితిని. ఆతఁడు నవ్వి, "పంతులుగారూ, గుర్రం పండ్లు చూపిస్తే మీరు దాని మొహం చూస్తరు. నేను మొదలు జీను తీసి ఈపు చూస్త" అనెను. పిదప వివరించెను. వీఁపు, నోరు, దంతములు, గిట్టలు పరీక్షింపవలయును. నొప్పి గల గుఱ్ఱ మా కోపమును బొరుగుదానిపైఁ జూపును. ఆఁడుగుఱ్ఱమైనచో ఋతుకాలమేమో తెలిసికొనవలయును. బాధ లేదని తేలినపిదపనే యభ్యాసము. ముందుగుఱ్ఱమునకు నొక గుఱ్ఱపు నిడివికిఁ దక్కువగాని యెడముంచి నడపవలయును. తన్నుదానిని వరుసలోఁ గడపట నుంపవలయును. చెవులు వాలినంతనే వాగె గుంజి కొఱడా విసరరాదు. అట్లు చేసినచో వేఱొక గుఱ్ఱము రాకయే దెబ్బకుఁ గారణమని దానికిఁ దోఁచి, కినుక యినుమడించును. నడక నాపక తల నావలికిఁ ద్రిప్పి పని చెప్పవలయును. చెవులు ముందునకు వచ్చినప్పుడు వాగె సడలించి మెడ నిమురవలయును. ఎడమును దినదినమును గొంచెము కొంచెముగాఁ దగ్గింపవలయును.

ఇందలి యుక్తి స్పష్టము. గుఱ్ఱము మందలో బ్రదుకు జంతువు. మందలో నొకటి చెవులు వాల్చిన వేఱొకటి తొలఁగును. కలహ మంతటితోఁ దీఱును. వీఁపుపై రౌతున్నపుడు తొలఁగుట దాని చేతిలో లేదు. సంజ్ఞ విఫలమగుటచేతనే పంటికిఁ గాలికిఁ బని గలుగుచున్నది.

నకులుని మాటలలోని 'దుష్ట' శబ్దమునకు దండింపఁదగినదని బహుకాలము శిష్యులకుఁ జెప్పుచుంటిని. సాయిసు మాట విన్నపిదపఁ గాని యా నాల్గువిద్యల క్రమము నాకు బోధపడలేదు. అక్షరము నేర్చిన నేను దప్పితిని. అక్షరము నేర్వని యాతఁడు గ్రంథికుని మార్గమునఁ బోవుచుండెను. తాళపత్రములను బరిష్కరించు మనము లాయములకును బోయి, యచ్చటి పదములను, నుపాయములను వ్రాసికొనవలయును. గ్రంథము చెదలు పట్టినను వేఱొక ప్రతి దొరకవచ్చును. ఆ వృద్ధుని చేతినేర్పునకు రెండవ ప్రతి లేదు.