నవమి నాటి వడపప్పు

 

శ్రీరామనవమికి మా ఇంట్లో పానకం పక్కన వడపప్పు ఉండాల్సిందే. అమ్మ పెసరపప్పును గంటసేపే నానబెడుతుంది. ఎక్కువ నానితే కరకర పోతుంది. నీళ్లు వార్చి కీర ముక్కలు, పచ్చిమామిడి తురుము, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి కలుపుతుంది. ఉప్పు మాత్రం వడ్డించే ముందే, లేకపోతే కీర నీరు వదిలేస్తుంది.

పెసలు, దోస ఈ దేశానికి అనాదిగా తెలిసినవే. పచ్చిమిర్చి అలా కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియాలు, అల్లమే. నాకు ఆ పాత కారమే ఇష్టం. అందుకే నా వంతు గిన్నెలో మిర్చి మానేసి అల్లం తురిమి, మిరియాలు దంచి వేసుకుంటాను.