పట్టాల మధ్య దూరమే కొలబద్ద: సైనిక రైలు డయోరమా పుట్టుపూర్వోత్తరాలు

యుద్ధకాలపు రైలు మార్గంలో ఒక చిన్న ముక్కను, దాని మీది ఇంజను, వ్యాగన్లు, ఫిరంగులు, మనుషులతో పాటు చుట్టూ ఉన్న నేలనూ ఒకే స్కేలుకు కుదించి బల్ల మీద నిలిపితే అది సైనిక రైలు డయోరమా. బజారులో దొరికే కిట్ మీద ఆధారపడకుండా ప్లాస్టిక్ షీటు, చెక్క, ఇత్తడి రేకు, తీగ లాంటి ముడిసరుకుతో మొదటినుంచీ చేత్తో కట్టిన నమూనాను మోడలర్లు ‘స్క్రాచ్‌బిల్ట్’ అంటారు. ఈ పనికి తల్లివైపు వంశం ఒకటి, తండ్రివైపు వంశం ఇంకొకటి. మొదటిది యుద్ధభూముల నమూనాలు, రెండోది బొమ్మ రైళ్లు. ఒకదాని కొలతలు మరొకదానికి చాలాకాలం పొసగలేదు. వాటిని కలపాలన్న పట్టుదలలోంచే ఈ చేతిపని పెరిగింది.

‘డయోరమా’ అనే మాటకు మొదట నమూనాలతో సంబంధమే లేదు. ‘గుండా చూడటం’ అనే అర్థమిచ్చే గ్రీకు మూలాలతో ఈ పేరు కూర్చి, లూయీ డగేర్, షార్ల్ బుతాఁ 1822లో పారిస్‌లో ఒక ప్రదర్శనశాల తెరిచారు. పలుచటి బట్ట మీద పెద్ద పెద్ద దృశ్యాలు చిత్రించి, ముందునుంచీ వెనకనుంచీ వెలుతురు మారుస్తుంటే పగలు సంధ్యగా, సంధ్య రాత్రిగా మారేది. 1839లో ఆ శాల కాలిపోయింది. అదే ఏడు డగేర్ ఫొటోగ్రఫీ ఆవిష్కర్తగా లోకానికి తెలిశాడు. తర్వాతి కాలంలో మ్యూజియంలు ఆ పేరును అద్దాల పెట్టెలోని జంతువుల, మనుషుల దృశ్యాలకు వాడుకోవడంతో, చివరకు అది మూడు కొలతల్లో నిలిపిన దృశ్యానికి పేరుగా స్థిరపడింది.

పేరు కొత్తదే కానీ పని పాతది. ఫ్రాన్స్‌లో 14వ లూయీ హయాంలో, 1668 నుంచి, కోటల నమూనాల తయారీ రాజ్యకార్యంగా సాగింది. సరిహద్దు కోటలను, చుట్టుపక్కల ఊళ్లతో, పొలాలతో సహా, 1:600 స్కేలులో చెక్కతోనూ కాగితంతోనూ పట్టుతోనూ చేయించి, ముట్టడి వ్యూహాలు ఆలోచించడానికి ఉంచుకునేవారు. వాటిలో మిగిలినవి చాలా వరకు ఇప్పటికీ పారిస్‌లోని ఇన్వలీడ్ భవనంలో ఉన్నాయి. నమూనా అప్పట్లో సైనిక రహస్యం.

దాన్ని చరిత్ర చెప్పే సాధనంగా మార్చినవాడు బ్రిటిష్ అధికారి విలియం సైబోర్న్. వాటర్లూ యుద్ధాన్ని నమూనాగా చేసే బాధ్యత 1830లో ఆయనకు అప్పగించారు. ఆయన వాటర్లూలోని లా హే సాంత్ అనే పొలం ఇంట్లో ఎనిమిది నెలలు మకాం వేసి నేలను అడుగడుగునా కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి ఫలానా గంటలో ఎక్కడున్నారు, ఎదురుగా ఏ పంట ఉంది అని అడిగాడు. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేసినా వెనక్కి తగ్గలేదు. మైలుకు తొమ్మిది అడుగుల లెక్కన, అంటే సుమారు 1:587 స్కేలులో, 70 వేలకు పైగా లోహపు బొమ్మలతో ఆ నమూనా 1838లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చింది. ఇప్పుడది అక్కడి నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఒక్క చోట మాత్రం సైబోర్న్ సర్దుకోవలసి వచ్చింది. ఆ స్కేలులో మనిషి ఎత్తు 3 మిల్లీమీటర్లకు మించదు. అంత చిన్న బొమ్మ కంటికి ఆనదు కాబట్టి సైనికులను లెక్కకంటే పెద్దగా చేయించాడు. నేలది ఒక కొలత, మనిషిది ఇంకో కొలత అయింది. తర్వాత వచ్చిన మోడలర్లందరినీ వేధించిన చిక్కు ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా ఈ సంప్రదాయానికి కళ తెచ్చింది. వాలస్ ఆండర్సన్, వెబ్ గిల్బర్ట్ వంటి శిల్పులు, చిత్రకారుడు లూయీ మెకబిన్ కలిసి 1920లలో చేసిన యుద్ధ దృశ్యాలు కాన్‌బెరాలోని యుద్ధస్మారకంలో నేటికీ కనిపిస్తాయి. బురద, విరిగిన చెట్లు, అలిసిన మనుషులు వాటి వస్తువు. విజయోత్సాహం కాకుండా యుద్ధంలోని బరువును చూపిన తొలి డయోరమాలలో వీటికి పెద్దపీట వేయాలి.

అంతకు చాలా ముందే యుద్ధంలోకి రైలు వచ్చింది. 1855లో క్రిమియాలో బలక్లావా రేవునుంచి సెవస్తోపోల్ ముందున్న బ్రిటిష్ శిబిరానికి సరుకు చేరక సైన్యం చలికీ ఆకలికీ నలిగిపోతుంటే, పీటో, బ్రాసీ, బెట్స్ అనే గుత్తేదారులు ఏడు వారాల్లో ఏడు మైళ్ల రైలు మార్గం వేశారు. అమెరికా అంతర్యుద్ధంలో హెర్మన్ హాప్ట్ 1862లో పొటోమాక్ క్రీక్ మీద సుమారు 80 అడుగుల ఎత్తున, అప్పటికప్పుడు నరికిన దుంగలతో కొద్ది రోజుల్లోనే వంతెన నిలబెట్టాడు. 1864లో పీటర్స్‌బర్గ్ ముట్టడిలో ‘డిక్టేటర్’ అనే 13 అంగుళాల మోర్టారును రైలు బండి మీదికెక్కించి పేల్చారు. ఈ సంఘటనల చుట్టూ రోజర్ ఫెంటన్, ఆండ్రూ రస్సెల్ లాంటివారు తీసిన ఫొటోలు మిగిలాయి. మోడలరుకు ఆ ఫొటోలే ఆస్తి.

బొమ్మ రైలు వంశం వేరే ఇంట పెరిగింది. తొలి బొమ్మ రైళ్లకు స్కేలనేది లేదు. ఇంజను ఒక పరిమాణం, స్టేషను ఇంకొకటి, ప్రయాణికుడు మరొకటి. తెలుగిళ్ల బొమ్మల కొలువులో చెట్టియారు పక్కన ఏనుగు, ఏనుగు కంటే పెద్ద చిలక కూర్చున్నా ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. కొలువుకు కావలసింది నిండుదనం. పట్టాల మీద నడవాల్సిన బండికి అది చెల్లదు, చక్రాల మధ్య దూరం తప్పితే బండి పడిపోతుంది. జర్మనీలో మార్క్లిన్ సంస్థ 1891లో పట్టాల మధ్య దూరాలకు అంకెలు పెట్టి ప్రమాణాలు ప్రకటించింది. దాంట్లోంచి ‘జీరో’ గేజి, దాన్ని సుమారు సగం చేస్తే 16.5 మిల్లీమీటర్ల ‘హాఫ్ జీరో’ గేజి పుట్టాయి. 1930ల మధ్యనుంచి ఈ రెండోది స్థిరపడింది. 1,435 మిల్లీమీటర్ల అసలు పట్టాలను 16.5కు కుదిస్తే స్కేలు 1:87 అవుతుంది.

రైలు చుట్టూ లోకాన్ని కట్టడం నేర్పినవారిలో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ ఆహెర్న్ ముందుంటాడు. 1930ల చివరినుంచి ఆయన అట్టముక్కలతో ఇళ్లు, కొండలు, రేవు చేసి ‘మేడర్ వ్యాలీ’ అనే ఊహాలోకాన్ని నిర్మించాడు. ఆ నమూనా ఇప్పుడు పెండన్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో జాన్ అలెన్ తన రైళ్లకు మసి, దుమ్ము, తుప్పు పట్టించి, కొత్తగా మెరిసే బొమ్మకు వయసు వచ్చేలా చేశాడు. ఈనాడు యుద్ధట్యాంకుకు బురద పూసే మోడలరు ఆ విద్యలో సగం రైలు మోడలర్లకు బాకీ ఉన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్లాస్టిక్ కిట్లు రెండు వంశాలనూ పక్కపక్కన నిలిపాయి. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1:76 స్కేలులో స్టేషన్లు, వ్యాగన్లు అమ్మింది. 1961 నుంచి అదే స్కేలులో ట్యాంకులూ వచ్చాయి. 1960లో మొదలైన ఆస్ట్రియా సంస్థ రోకో ముందు 1:87లో చిన్న ట్యాంకులు చేసి, తర్వాత అదే స్కేలులో రైళ్లకు మళ్లింది. చిన్న స్కేళ్లలో ట్యాంకును వ్యాగను మీదికెక్కించడం తేలికైంది.

పెద్ద స్కేలు దారి వేరు. జపాన్ సంస్థ టమియా 1960ల తొలినాళ్లలో పాంథర్ ట్యాంకు కిట్ తెచ్చినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టించవలసి వచ్చింది. అవి పట్టేంత పెద్దగా గీస్తే లెక్క 1:35కు తేలింది. బ్యాటరీల కోసం పుట్టిన ఆ అంకె ప్రపంచమంతటా సైనిక నమూనాల ప్రమాణమై కూర్చుంది. ఏ రైలు కంపెనీ అంకెకూ అది సరిపోదు. 1:35లో ప్రామాణిక గేజి 41 మిల్లీమీటర్లు, భారతీయ బ్రాడ్‌గేజి దాదాపు 48. అలాంటి పట్టాలు అప్పట్లో బజారులో లేవు, చక్రాలు లేవు, ఇంజన్లు లేవు. బొమ్మ సైనికులు, ట్యాంకులు, లారీలు మాత్రం వందల రకాలు. వాటిని రైలు దగ్గర నిలపాలనుకున్నవాడు ఆ రైలును తానే తయారుచేసుకోవలసి వచ్చేది. సైనిక రైలు డయోరమాలో చేతిపనికి ఇంత ప్రాధాన్యం రావడానికి అసలు కారణం ఈ ఖాళీయే.

దృశ్యాన్ని కూర్చే పద్ధతిని అమెరికన్ మోడలరు షెపర్డ్ పెయిన్ బోధించాడు. 1970లలో మోనోగ్రామ్ సంస్థ కిట్లతో పాటు ఆయన డయోరమాల కరపత్రాలు వచ్చేవి. 1980లో ఆయన పుస్తకాన్ని ప్రచురించింది రైలు మోడలర్ల పత్రికలు నడిపే కామ్‌బాక్ సంస్థ. ఒక చిన్న కథ, దాన్ని మోసేటన్ని బొమ్మలు, ఆ కథకు సరిపడా నేల, అంతకుమించి ఏదీ వద్దన్నది ఆయన పద్ధతి. బెల్జియంకు చెందిన ఫ్రాన్స్వా వెర్లిండెన్ రంగులు పలుచగా పూసి, పొడి కుంచెతో అంచులు తేల్చే తీరును ఐరోపాలో వ్యాప్తి చేశాడు.

పని మొదలయ్యేది పట్టాలతో. 1:35లో జర్మన్ మార్గానికి ఒక చెక్క స్లీపరు సుమారు 74 మిల్లీమీటర్ల పొడవు, 7.4 వెడల్పు ఉంటుంది. ఒక స్లీపరు నడిమినుంచి తర్వాతి స్లీపరు నడిమికి 18 మిల్లీమీటర్ల పైచిలుకు. మీటరు పొడవు డయోరమాకు యాభైకి పైగా స్లీపర్లు కోయాలి. ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఇత్తడి కుంచెతో గీరి నారలు తేల్చాలి, కొన్నింటి చివరలు చీల్చాలి, తారు రంగు పలుచగా పట్టించి ఎండకు వెలిసిన బూడిదరంగు దాని మీద వేయాలి. పట్టాకు ప్లాస్టిక్ ఐ-ఆకారపు పుల్ల గానీ, పెద్ద గేజి బొమ్మరైళ్ల లోహపు పట్టా గానీ వాడతారు. బోల్టు తలల కోసం ఆరు పలకల ప్లాస్టిక్ పుల్లను పలుచటి బిళ్లలుగా కోస్తారు. కంకర రాళ్లు ఈ స్కేలులో ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి ఇసుకను రెండు జల్లెళ్లతో జల్లించి మధ్య పరిమాణం ఏరుకుంటారు. నీళ్లు కలిపిన జిగురులో ఒక చుక్క సబ్బునీరు వేస్తే కంకర మధ్యలోకి ఇంకుతుంది, లేకపోతే పైన ముత్యాల్లా నిలిచిపోతుంది.

పట్టా పక్కలు ముదురు గోధుమరంగు, చక్రం నడిచే పైఅంచు మాత్రం వెండిలా మెరుపు. కొన్ని వారాలు బండి నడవని మార్గమైతే ఆ మెరుపూ పోతుంది. ఈ ఒక్క గీత చూసి ఆ మార్గంలో రైళ్లు తిరుగుతున్నాయో లేదో చెప్పవచ్చు. 1941లో జర్మన్లు సోవియట్ భూభాగంలోకి వెళ్లినప్పుడు అక్కడి 1,524 మిల్లీమీటర్ల గేజిని తమ 1,435కు మార్చడానికి ఒక పట్టాను 89 మిల్లీమీటర్లు లోపలికి జరిపేవారు. 1:35లో అది రెండున్నర మిల్లీమీటర్లు. ఈ చరిత్ర తెలిసిన మోడలరు స్లీపర్ల మీద ఒక వైపున పాత మేకుల రంధ్రాలు సూదితో గుచ్చి వదులుతాడు. వెనుదిరిగేటప్పుడు జర్మన్లు వాడిన ‘రైలు నాగలి’ స్లీపర్లను నడిమికి విరిచేసేది. అలా విరిగిన వరుసను నిజాయితీగా చూపాలంటే ప్రతి స్లీపరునూ విడివిడిగా విరవడం తప్ప దగ్గరిదారి లేదు.

ఇంజను, వ్యాగను కొలతలు దొరకనప్పుడు రైలు ఒక ఉపకారం చేస్తుంది. ఎదురుగా తీసిన ఏ ఫొటోలోనైనా పట్టాల మధ్య దూరం తెలిసినదే. దాన్ని కొలబద్దగా పెట్టుకుని బఫర్ల ఎత్తు, బాయిలరు అడ్డకొలత, తలుపు వెడల్పు లెక్కగట్టవచ్చు. కొలిచే విషయంలో రైలు మోడలరుకు ఉన్న ఈ వెసులుబాటు, వట్టి నేల మీద నిలిచిన ఫిరంగి ఫొటోతో కుస్తీ పట్టేవాడికి లేదు.

గేజి చిక్కుకు ఒక చక్కని వెసులుబాటు మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల రైలు దగ్గర ఉంది. బురదలో ఫిరంగి గుండ్లు, గాయపడినవాళ్లను మోయడానికి ఇరుపక్షాలూ 600 మిల్లీమీటర్ల సన్న గేజి వేశాయి. దాన్ని 35తో భాగిస్తే 17.1, అంటే 16.5 మిల్లీమీటర్ల మామూలు బొమ్మరైలు పట్టాకు దాదాపు సమానం. పట్టాలు చక్రాలు కొని, పై నిర్మాణం చేత్తో కట్టుకుంటే చాలు. అందుకే 1:35లో ఈ వస్తువు మీద పనిచేసినవారు ఎక్కువ. బ్రిటన్ కోసం అమెరికాలోని బాల్డ్‌విన్ సంస్థ 495 చిన్న ఇంజన్లు చేసి పంపింది. యుద్ధం తర్వాత వాటిలో కొన్ని భారతదేశానికి వచ్చి ఉత్తరాదిలోని చక్కెర మిల్లులకు చెరకు లాగాయి. అలా ఇక్కడ మిగిలినవాటిని దశాబ్దాల తర్వాత బ్రిటన్‌కు తీసుకెళ్లి బాగుచేశారు.

పెద్ద వస్తువుల్లో మోడలర్లను బాగా ఆకర్షించింది జర్మన్ కె-5 రైలు ఫిరంగి. ఇరవై ఒకటిన్నర మీటర్ల దాని గొట్టం 1:35లో 61 సెంటీమీటర్లు. 1944లో ఇటలీలోని సివిటావెకియాలో మిత్రసేనలకు చిక్కిన ‘లియోపోల్డ్’ ఇప్పుడు అమెరికాలో ఉంది, మరొకటి ఫ్రాన్స్ తీరంలో ఉంది. జపాన్ సంస్థ హసెగావా 1:72లో దీని కిట్ చేసింది. తర్వాత చైనా, హాంకాంగ్ సంస్థలు 1:35లోనే రైలు ఫిరంగులు, ఇంజన్లు తేవడం మొదలుపెట్టాయి. 1942 నుంచి ఆరు వేలకు పైగా తయారైన జర్మన్ యుద్ధ ఇంజను బి.ఆర్.52 ఆ స్కేలులో టెండరుతో కలిపి 66 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఆ కిట్లతో పాటు 41 మిల్లీమీటర్ల పట్టాలూ పెట్టెలో రావడంతో పాత ఖాళీ కొంత పూడింది.

3డి ప్రింటరు, లేజరు కోత వచ్చాక బోల్టు తలలు, చక్రాల పుల్లలు, స్ప్రింగులు కంప్యూటరులో గీసి అచ్చుతీసుకుంటున్నారు. దాన్ని చేతిపని అనాలా వద్దా అన్న వాదన ఇంకా సాగుతోంది. గీసేవాడు కొలత స్వయంగా తీసి, గీత స్వయంగా గీస్తే అది చేతిపనే అనడం సబబు. కొలత ఎవరిదో అయితే అది కిట్టే. నేల, కంకర, తుప్పు, పట్టా పైఅంచు మెరుపు మాత్రం ఇప్పటికీ కుంచెకే వదిలేశారు.