బి.జడ్.సి.

బి.జడ్.సి. అనేది ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో జీవశాస్త్రాన్ని డిగ్రీ స్థాయిలో అభ్యసించే విద్యార్థులకు చిరకాలంగా పరిచితమైన బి.ఎస్సీ. కోర్సు. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అనే మూడు పేర్ల తొలి అక్షరాల నుండి ఈ పేరు ఏర్పడింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం ఇందులోని ప్రధాన విషయాలు. సంప్రదాయంగా ఈ కోర్సు కాలవ్యవధి మూడు సంవత్సరాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం (1918), ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (1926), శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), కాకతీయ విశ్వవిద్యాలయం (1976) మొదలైన వాటికి అనుబంధంగా ఉన్న కళాశాలలలో ఇది బోధించబడుతూ వచ్చింది.

ప్రవేశం

ఇంటర్మీడియట్‌లో బైపిసి చదివినవారు దీనికి అర్హులు. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు "దోస్త్" అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి.

బైపిసి విద్యార్థులలో అనేకుల తొలి లక్ష్యం వైద్యవిద్య. రాష్ట్రస్థాయి ఎంసెట్ ద్వారా జరిగిన వైద్య ప్రవేశాలు 2017 నుండి జాతీయస్థాయి నీట్ ద్వారా జరుగుతున్నాయి. సీటు లభించనివారిలో కొందరు లాంగ్‌టర్మ్ శిక్షణకు వెళ్ళగా, మరికొందరు డిగ్రీలో చేరుతారు. ఈ కారణంగా బి.జడ్.సి.ని రెండవ ఎంపికగా భావించడం సమాజంలో కలదు. అయితే ఈ రెండు విద్యల స్వభావం వేరు. వైద్యవిద్యకు మానవదేహం, దాని వ్యాధులు కేంద్రం కాగా, బి.జడ్.సి.లో శైవలాల నుండి క్షీరదాల వరకు సమస్త జీవరాశి అధ్యయన విషయమే.

పాఠ్యాంశాలు

వృక్షశాస్త్రంలో శైవలాలు, శిలీంధ్రాలు మొదలుకొని పుష్పించే మొక్కల వరకు, జంతుశాస్త్రంలో ఏకకణ జీవుల నుండి సకశేరుకాల వరకు పాఠాలు సాగుతాయి. సరళ జీవుల నుండి సంక్లిష్ట జీవులకు సాగే ఈ క్రమం వలన పరిణామం పోలికల ద్వారా బోధపడుతుంది. ఉదాహరణకు చేప హృదయంలో రెండు గదులు, కప్పలో మూడు, పక్షులలోను క్షీరదాలలోను నాలుగు ఉంటాయి. కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జీవావరణశాస్త్రం ఇతర ముఖ్య భాగాలు. శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ వంటి ప్రక్రియలను అర్థం చేసుకొనుటకు రసాయనశాస్త్రం పునాదిగా ఉపకరిస్తుంది.

ప్రయోగశాల

ఉల్లి వేరు కొనను ఎసిటోకార్మిన్‌తో రంజనం చేసి సూక్ష్మదర్శినిలో సమవిభజన దశలను గుర్తించడం ప్రసిద్ధమైన ప్రయోగం. పుష్పభాగాలను పరిశీలించి మందార మాల్వేసి కుటుంబానికి, ఉమ్మెత్త సొలనేసి కుటుంబానికి చెందినవని నిర్ధారించడం మరొకటి. విద్యార్థులు మొక్కలను సేకరించి, వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, హెర్బేరియం తయారు చేస్తారు. సేకరించిన స్థలం, తేదీ వ్రాయని నమూనాకు శాస్త్రీయ విలువ చాలా తక్కువ.

పూర్వం కప్ప, బొద్దింక మొదలైన వాటి విచ్ఛేదనం తప్పనిసరిగా ఉండేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో దీనిని దశలవారీగా తగ్గించాలని సూచించి, 2014లో పూర్తిగా నిలిపివేయాలని ఆదేశించింది. తరువాత నమూనాలు, చార్టులు, కంప్యూటర్ అనుకరణలు వాటి స్థానంలోకి వచ్చాయి.

బోధనా మాధ్యమం

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో ప్రచురించింది. ద్రవాభిసరణ, హరితరేణువు, క్షయకరణ విభజన వంటి పదాలు ఇటువంటి పుస్తకాల ద్వారా విద్యార్థులకు సుపరిచితమైనాయి. గ్రామీణ విద్యార్థులు మాతృభాషలో విజ్ఞానశాస్త్రం చదువుటకు ఇది తోడ్పడింది. కాని ఎమ్మెస్సీ, పరిశోధన ప్రధానంగా ఆంగ్లంలో ఉండుటచే, తెలుగు మాధ్యమం వారు అదే విషయాన్ని కొత్త పదజాలంతో మరల నేర్చుకోవలసి వచ్చేది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చింది. దీనివలన ఆ అంతరం డిగ్రీ మొదటి సంవత్సరానికే చేరింది.

మార్పులు

1990ల తరువాత మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీలతో కూడిన కోర్సులు వ్యాపించాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2023-24లో ఒకే ప్రధాన విషయం గల విధానం ప్రవేశపెట్టబడింది. దీనితో అక్కడ మూడు విషయాలను సమానంగా చదివే పద్ధతికి విఘాతం కలిగింది.

ఉన్నత విద్య, ఉద్యోగాలు

పట్టభద్రులు ఎమ్మెస్సీలోను, బి.ఎడ్. చేసి ఉపాధ్యాయ వృత్తిలోను ప్రవేశించవచ్చును. వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలలో ఏ ఒకటి డిగ్రీలో ఉన్నా, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు అవసరమైన విద్యార్హత లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

వృక్షశాస్త్రం
జంతుశాస్త్రం
తెలుగు అకాడమి