తిరువయ్యారు సమాధి – బెంగళూరు నాగరత్నమ్మ

మీరు తంజావూరు వెళితే, అక్కడి నుంచి తిరువయ్యారు ఎంతో దూరం లేదు. బస్సులో అరగంట. పుష్య బహుళ పంచమి నాడు వెళితే కాలు పెట్టే చోటు దొరకదు కాబట్టి మామూలు రోజుల్లో వెళ్ళమంటాను. కావేరి గట్టున త్యాగరాజస్వామి సమాధి ఉంటుంది. దానికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. వచ్చినవారిలో చాలామంది స్వామికి నమస్కారం చేసుకుని ఆమె ఎవరో అడగకుండానే వెళ్ళిపోతారు. ఈ నాలుగు మాటలు ఆమె గురించే.

ముందు త్యాగయ్యగారి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆయన 1767లో తిరువారూరులో పుట్టారు. ఇంటిపేరు కాకర్ల. ఆ పేరుగల ఊరు ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో ఉంది, పూర్వీకులు అక్కడి నుంచే తమిళదేశం చేరారంటారు. తరాలు గడిచినా మన ఇళ్ళలో ఇంటిపేరు ఊరిని మరవనివ్వదు కదా! తంజావూరు ప్రభువు శరభోజి కానుకలతో కబురు పంపితే ఆయన వెళ్ళలేదనీ, 'నిధి చాల సుఖమా' అనే కీర్తన ఆ సందర్భంలో పుట్టిందనీ చెప్పుకుంటారు. చరిత్రకారులు దీనికి కాగితం చూపమంటే చూపడం కష్టం. కానీ ఆయన ఉంఛవృత్తితో, అంటే వీధి వీధీ పాడుకుంటూ వెళ్ళి ఇంటింటా పెట్టిన బియ్యంతో, సంసారం గడిపారన్నది శిష్యపరంపర అంతా చెప్పిన మాట. చివరి రోజుల్లో సన్న్యాసం తీసుకున్నారు. 1847 జనవరి 6న సిద్ధి పొందారు. సన్న్యాసి గనుక దహనం చేయక సమాధి చేశారు. ఆ తరువాత శిష్యులు తలా ఒక ఊరికి వెళ్ళిపోయారు, సమాధి చుట్టూ ముళ్ళపొదలు పెరిగాయి. 1903 ప్రాంతంలో ఉమయాల్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అనే ఇద్దరు వృద్ధ శిష్యులు వచ్చి, ఆ చోటు గుర్తుపట్టి బాగుచేయించారు. ఆరాధనలు మొదలయ్యాయి గాని సమాధికి నీడనిచ్చే కప్పు లేదు.

ఇక నాగరత్నమ్మ. 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో ఒక దేవదాసి ఇంట పుట్టింది. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకుంది, సంగీతం నేర్చింది. మద్రాసు చేరి పెద్ద పేరు, పేరుతోపాటు డబ్బు సంపాదించింది. ఆమె ఉత్త గాయని అనుకోకండి. తంజావూరు ఆస్థానంలో ఉండిన ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనం' వెనకటి ముద్రణలో కత్తిరింపులు చూసి, ప్రతులు వెతికించి, 1910లో పూర్తి పాఠం అచ్చువేయించింది. పండితులు మండిపడ్డారు, ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా పోలేదు. ఒక స్త్రీ రాసినదాన్ని మరొక స్త్రీ అచ్చువేయించడం అంత నేరమైంది ఆ రోజుల్లో.

1921లో, సమాధి దుస్థితి గురించి మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు దాటాయి. ఇక్కడ మీరు ఒక్క విషయం గమనించాలి. లోకంలో ఓడిపోయి, చేతిలో ఏమీ మిగలక దేవుడి దగ్గరికి వెళ్ళినవారి కథలు మనం చాలా విన్నాం. ఈమె అలా వెళ్ళలేదు. కచేరీలు ఉన్నాయి, ఇల్లూ నగలూ ఉన్నాయి. ఆ సంపాదన తెచ్చి కావేరి గట్టున పోసింది. ఆ ఏడే పునాది వేయించి, 1925 జనవరిలో గుడికి కుంభాభిషేకం చేయించింది. తరువాత మద్రాసు వదిలి తిరువయ్యారులోనే కాపురం పెట్టింది.

డబ్బు ఇవ్వడం దాకా సులభమే అనిపిస్తుంది నాకు. అసలు పరీక్ష తరువాత వచ్చింది. ఆరాధన జరిపే విద్వాంసులు అప్పటికే రెండు కట్చీలుగా చీలి ఉన్నారు. కట్చీ అంటే పక్షం, తమిళనాట ఉన్న మనకు ఈ మాట కొత్తది కాదు. పెరియ కట్చీ, చిన్న కట్చీ. ఒకరి పొడ ఒకరికి గిట్టదు గాని, ఆడవాళ్ళు, అందులో దేవదాసీలు, సన్నిధిలో పాడకూడదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట! గుడి కట్టించిన మనిషికే గుడిలో పాటకు చోటు లేదు.

మీరైతే ఏం చేసేవారు? తాళం వేసుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు, కట్టినదాన్ని తిట్టుకుంటూ మద్రాసు తిరిగిపోవచ్చు. నాగరత్నమ్మ కదల్లేదు. సాటి గాయనులను, దేవదాసీలను కూడగట్టి, సమాధి వెనక వైపు వేరే ఆరాధన మొదలుపెట్టింది. అక్కడ ఆడవాళ్ళే పాడారు, హరికథలు చెప్పారు. జనం దానికి ఆడవాళ్ళ కట్చీ అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పెట్టారేమో, అయినా మూడో కట్చీ నిలబడింది. దేవుడి పేరు చెప్పి అన్నీ ఓర్చుకోమనే వారికి ఈమె కథ పూర్తిగా నప్పదు. ఆస్తి వదులుకుంది గాని పాట వదులుకోలేదు. పాటే ఆమెకు పూజ అయినప్పుడు ఎలా వదులుతుంది?

ఆ మూడు పక్షాలూ 1940లో ఒకటయ్యాయి. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి విద్వాంసులు, ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి అందుకు పాటుపడ్డారు. 1941 నుంచి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల పంచరత్నాలను ఆడా మగా కలిసి పాడే పద్ధతి వచ్చింది. ఏటా మీరు రేడియోలో వినే బృందగానం అదే.

1949లో నాగరత్నమ్మ వీలునామా రాసింది. ఉన్న ఆస్తి సమాధి సేవకు చెందాలి, అక్కడ ఆరాధించడానికి దేవదాసీలతో సహా స్త్రీలకు ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఈ షరతు లేకుండా ఆమె చిల్లిగవ్వ ఇవ్వలేదు. 1952 మే నెలలో తిరువయ్యారులోనే కన్నుమూసింది. స్వామి సమాధి దగ్గరే ఆమెకూ సమాధి కట్టారు. మీరు వెళ్ళినప్పుడు అక్కడ కూడా ఒక్క నిమిషం ఆగండి.