కాట్రాడిమలై కింద

నేను ఆరల్వాయ్‌మొళికి ఉద్యోగం మీద వచ్చి ఇరవై రెండేళ్లయింది. పడమటి కనుమలకు ఇక్కడ ఒక సందు ఉంది. అందులోంచి గాలి విరుచుకుపడుతుంది కాబట్టే ముప్పందల్ పొడుగునా గాలిమరలు లేచాయి, నాలాంటి తెలుగువాడికి కూడు దొరికింది. ఊరి పక్క గుట్టను కాట్రాడిమలై అంటారు. మరలు వచ్చాక పెట్టిన పేరేమో అనుకున్నాను. ఆ పేరు మరలకంటే చాలా పాతదట. 1752 జనవరి 14న తిరువాన్కూరు సిపాయిలు దేవసహాయాన్ని కాల్చి చంపింది ఈ గుట్ట మీదే.

దేవసహాయం అనగానే మన కోస్తా జిల్లాల్లో ఎవరో ఒక మాస్టారు గుర్తొస్తారు. ఈయన అసలు పేరు నీలకంఠ పిళ్ళై. 1712లో ఇక్కడికి దగ్గర్లోని నట్టాళంలో నాయర్ కుటుంబంలో పుట్టాడు. పద్మనాభపురంలో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. 1741లో కొలచల్ దగ్గర డచ్చివాళ్లు ఓడిపోయాక, పట్టుబడిన డెలనాయ్ అనే సేనాని అదే రాజు దగ్గర కొలువుకు కుదిరాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పశువులు చచ్చి, ఇంట్లో నష్టం మీద నష్టం వచ్చి నీలకంఠుడు దిగులు పడితే, డెలనాయ్ ఆయనకు బైబిల్లోని యోబు కథ చెప్పాడంటారు. అన్నీ పోగొట్టుకున్నవాడి కథ అప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెవికెక్కుతుంది? 1745 మే 14న సంస్థానపు హద్దు అవతల వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం జరిగింది. పెట్టిన పేరు లాజరు. ‘దేవుడే సాయం’ అన్న ఆ పేరుకు తమిళ రూపమే దేవసహాయం. భార్య భార్గవి కూడా జ్ఞానప్పూ అయింది.

మతం మారినందుకే రాజు చంపించాడా అంటే, చరిత్రకారుల్లో తగువుంది. రాజద్రోహం నేరం మోపారని కొందరంటారు. నాకు తోచింది చెబుతాను. ఈ ఊళ్ల పెద్దకులాల వాళ్లకు కన్నెర్ర అయింది ఆయన మొక్కిన దేవుడి మీద కంటే, ఆయన కలిసి కూర్చున్న మనుషుల మీద. ఎక్కువ తక్కువ లేదని అందరితో కలిసిపోయిన నాయర్ని ఆ రోజుల్లో ఎవరు సహించారు గనక!

1749 ఫిబ్రవరిలో పట్టుకున్నారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు. మెడలో జిల్లేడు పూల దండ వేసి, దున్నపోతు మీద వెనక్కు తిప్పి కూర్చోబెట్టి ఊళ్ల వెంట ఊరేగించారు. కొట్టారు, పుండ్లకు కారం పూశారు. పరువుగల ఉద్యోగిని నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలన్నది ఎత్తు. జనం మాత్రం ఆయన్ని చూడ్డానికి గుంపులుగా వచ్చేవాళ్లట. చివరికి ఇక్కడి అడవికి తరిమి, కొండమీద కాల్చారు. ఎముకలు ఏరి కోట్టారులోని సేవియర్ గుడిలో సమాధి చేశారు. ఆయన పడిపోయినప్పుడు ఒక బండ విరిగి గంటలా మోగిందని ఊరి నమ్మకం. ఆ రాతిని గులకరాయితో తడితే ఖంగుమంటుంది. నేనూ తట్టి చూశాను.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. వడక్కన్‌కుళం మాట ఎవరూ ఎత్తరు. ఆయన జ్ఞానస్నానం పొందిన ఆ ఊళ్లోనే 1872లో రెండు కాళ్ల పంట్లాంలాంటి గుడి కట్టారు. ఒక కాలులో పెద్దకులాలు, రెండోదాంట్లో మిగతావాళ్లు, రెండూ కలిసేచోట పూజాపీఠం. నడుమ గోడ. 1910లో ఫాదర్లు ఆ గోడ పడగొడితే, పెద్దకులాల వెళ్లాళులు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లారు.

2012 డిసెంబరులో కోట్టారు మేత్రాసనం ఆయన్ని ధన్యుడిగా ప్రకటించిన పండుగ చేసుకుంది. 2022 మే 15న రోములో పోపు ఫ్రాన్సిస్ పునీతుడని ప్రకటించారు. ఫాదరూ సన్యాసీ కాని భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. అంతకుముందే చిన్న చిక్కొచ్చింది. కులం కాదన్నవాడి పేరు చివర ‘పిళ్ళై’ ఏమిటని కొందరు వాటికన్‌కు రాశారు. అది తీసేశారు.

మా వీధి చివర టీకొట్టు పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన నోట ఇంకా ‘దేవసహాయం పిళ్ళై’ అనే వస్తుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనవరాలు తలెత్తకుండానే ‘పిళ్ళై తీసేశారు తాతా’ అంటుంది. ఆయన ‘సరే సరే’ అని టీ తిరగబోస్తాడు. మర్నాడు మళ్లీ పిళ్ళైయే.